నోరు బాగా కనపడాలి

నేను చెవిటిదాన్ని. ఆ మాట అనడానికి ఎదుటివాళ్ళు ఇబ్బంది పడతారు గాని నాకేమీ ఇబ్బంది లేదు. నాలుగో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వినికిడి తిరిగి రాలేదు. అప్పటికే మాటలు వచ్చి ఉండటం వల్ల ఇప్పటికీ నోటితో మాట్లాడగలను. నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కొత్తవాళ్ళ ముఖాలు చూస్తే, అంత బాగుండదని తెలుస్తుంది.

మాది అంతర్వేది దగ్గర చేపలవేట మీద బతికే ఊరు. నాన్న పడవ మీద వెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది. అమ్మకి అక్షరం ముక్క రాదు. నా జ్వరం తర్వాత నాతో మాట్లాడటానికి తనే సైగలు కల్పించింది. దవడ పక్కన రెండు వేళ్ళు ఆడిస్తే చేప. ఆ వేళ్ళనే ముక్కు దగ్గర పెడితే పాడైన చేప. బొటనవేలితో వీపు వైపు చూపిస్తే సముద్రం, ఎందుకంటే మా ఇంటి వెనకే సముద్రం. అలగడం, అబద్ధాలాడటం, కథ చెప్పమని వేధించడం అన్నీ ఆ చేతుల్లోనే నేర్చుకున్నాను.

ఏడో ఏట నన్ను రాజమండ్రిలో వినికిడి లేని పిల్లల హాస్టల్ స్కూల్లో వేశారు. అక్కడ ఆయన ఉన్నాడు. అప్పటికి ఇంకా కొత్త మాస్టారు. మీసం ఉంటే పిల్లలకి పెదవులు సరిగ్గా కనపడవని మీసం తీసేసిన మనిషి. ఆ సంగతి కూడా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం. చెవిటిపిల్లలు నోటితో మాట్లాడి తీరాలి, పెదవులు చూసి అర్థం చేసుకుని తీరాలి, సైగలు మాత్రం చేయకూడదు. ఇదీ ఆయన పట్టుదల. పాఠం జరుగుతున్నంతసేపూ అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. చెయ్యి బయటికొస్తే స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు.

పెదవుల మీద ప, బ, మ మూడూ ఒకేలా ఉంటాయి. వినగలిగినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అనుకుని చూడండి. తేడా ముక్కులోనూ గొంతులోనూ ఉంటుంది, అది కంటికి కనపడదు. ఆయన నా వేలు పట్టుకుని తన ముక్కు మీద పెట్టి ‘మ’ అనేవాడు, గొంతు మీద పెట్టి ‘బ’ అనేవాడు. తర్వాత దూరంగా నిలబడి ఏదో ఒకటి అని, ఏమన్నానో చెప్పమనేవాడు. తప్పు చెబితే దెబ్బ. అలా దెబ్బలు తింటూనే మాటకి ముందూ వెనకా చూసి, ముఖం చూసి, మధ్యలో ఉన్నదేమిటో పట్టుకోవడం నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను. స్కూల్లో నా అంత బాగా పెదవులు చదివేవాళ్ళు లేరు.

దెబ్బల్ని మర్చిపోయేదాన్నేమో. మర్చిపోలేనిది ఒక ఆదివారం. అమ్మ రెండు బస్సులు మారి నన్ను చూడటానికి వచ్చింది. నేను గేటు దగ్గరికి పరుగెత్తేసరికి అమ్మ చేతులు అప్పటికే కదులుతున్నాయి. ఇంట్లో పిల్లి ఈనిందట, ఎన్ని పిల్లల్ని పెట్టిందో చూపించబోతోంది. ఆయన ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. అమ్మతో చాలా మర్యాదగా మాట్లాడాడు.

“మీరు ఇలా చేతులు ఊపుతుంటే పిల్లకి మాట రాదండి. మా కష్టమంతా పాడైపోతుందండి. చేతులు వెనక్కి పెట్టుకోండమ్మా. ఆఁ, అలాగ. నోటితో మాట్లాడండి.”

అమ్మ భయపడి చేతులు వెనక్కి కట్టుకుంది. గంటసేపు అలాగే నిలబడింది. నోటితో ఏదో చెప్పింది. అమ్మ పెదవులు చదవడం నాకు అలవాటు లేదు, ఎప్పుడూ చేతులే చూశాను కదా. వెళ్ళేటప్పుడు కూడా, ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉండటం చూసి, చేతులు ముందుకు తేలేదు. పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో నాకు వేసవి సెలవుల దాకా తెలియలేదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఈ మనిషిని ఏదో ఒకటి చేయాలి అనుకున్నాను. ఏం చేయాలో తెలియదు. చేయాలని మాత్రం తెలుసు.

పెద్దయ్యాక వినికిడి లేని పిల్లలకి చదువు చెప్పే ట్రైనింగు చేసి, తిరిగి అదే స్కూల్లో టీచరుగా చేరాను. అక్కడికే ఎందుకు వెళ్ళావని అందరూ అడుగుతారు. ఉద్యోగం అక్కడ ఉంది. ఆయనా అక్కడే ఉన్నాడు, హెడ్మాస్టరై. రెండు కారణాలూ నిజమే. ఏళ్ళు గడిచేసరికి స్కేలు పోయింది, సైగలు ఆపమని బయటికి అనే రోజులూ పోయాయి. ఆయన మాత్రం మారలేదు. మా సైగల క్లాసుని ‘చేతులాట’ అనేవాడు.

వీడియోలు మొదట నా ఫోనుతోనే మొదలుపెట్టాను. సైగల భాషని పుస్తకంలో రాయలేం. చెయ్యి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో, కనుబొమలు ఎప్పుడు లేచాయో బొమ్మ గీసి చూపిస్తే ఎవరికీ అర్థం కాదు. వినే పిల్లలకి ఇంటికెళ్ళి చూసుకోవడానికి నోట్సు ఉంటుంది. మా పిల్లలకి వాళ్ళ భాషలో నోట్సు అంటే వీడియోనే. నేను తీస్తుండటం చూసి ఊళ్ళో బట్టల కొట్టు ఉన్న ఒకాయన స్కూలుకి మంచి వీడియో కెమెరా, స్టాండు, కాలరుకి తగిలించుకునే మైకు కొనిచ్చారు. మైకు చూసి నేనూ తెలుగు టీచరూ నవ్వుకున్నాం. తెలుగు టీచరు నాకంటే చిన్నది, చక్కగా వినగలదు, సైగలు మాత్రం నాకంటే చురుగ్గా చేస్తుంది.

కెమెరా వచ్చాక మా పద్ధతి మారింది. పాఠం నేను చెప్పాక, పిల్లలు ఒక్కొక్కరుగా కెమెరా ముందుకొచ్చి అదే పాఠాన్ని తమ సైగల్లో చెప్పేవాళ్ళు. తర్వాత అందరం కూర్చుని చూసేవాళ్ళం. ఆరో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న మండపేటలో రైస్ మిల్లు పనివాడు. ఆ పిల్ల సైగలు పొట్ట దగ్గరే, గుప్పెడు జాగాలో, ఎవరికీ కనపడకుండా చేసేది. మందబుద్ధి అని హెడ్మాస్టరు రిజిస్టర్లో రాయించాడు. మొదటిసారి తన వీడియో తను చూసుకుని ఆ పిల్ల ముఖం చిట్లించింది.

‘నాకే అర్థం కావట్లేదు. మళ్ళీ తియ్యి’ అంది సైగల్లో.

మూడోసారికి చేతులు భుజాల దాకా లేచాయి. నీళ్ళు ఆవిరి కావడం గురించి పాఠం. మిల్లులో ధాన్యం ఉడికించే బాయిలరు, గొట్టంలోంచి పైకి లేచే ఆవిరి, రేకుల కప్పుకి తగిలి చెమటలా కారే నీళ్ళు అన్నీ చూపించింది. నా పాఠంలో బాయిలరు లేదు. ఆ వీడియోని వాళ్ళమ్మ ఫోనుకి పంపించాను. కూతురు ఏం చెబుతోందో మొదటిసారి అర్థమైందని వాళ్ళమ్మ ఫోనులో పెద్ద ఉత్తరమంత రాయించి పంపింది. అప్పటినుంచి పిల్లల వీడియోలు ఇళ్ళకి పంపడం మొదలుపెట్టాం. ఇంట్లోవాళ్ళు వాటిని చూసి సైగలు నేర్చుకునేవారు.

“ఇది స్కూలా, ఫొటో స్టూడియోనా అమ్మా?” అనేవాడు ఆయన, తలుపు దగ్గర నిలబడి.

సంవత్సరం తిరిగేసరికి పైనుంచి ఉత్తరం వచ్చింది. స్కూళ్ళలో వీడియో పాఠాలు ఎలా వాడుతున్నారో చూడటానికి జిల్లా ఆఫీసరు వస్తారని. ఆ మర్నాడే కెమెరా నా బీరువాలో లేదు. ఆఫీసు గదిలో ఆయన బల్ల మీద ఉంది.

“మోడల్ పాఠం ఒకటి తీయాలి. నేను చెబుతాను, నువ్వు తియ్యి. పెదవులు చూసి నేర్చుకునే పాఠం. నోరు బాగా కనపడాలి, దగ్గరగా పెట్టు,” అన్నాడు.

కెమెరాలో మెమరీ కార్డు చూశాను. ఖాళీ.

“పిల్లల పాఠాలేవి సార్?”

“కార్డు నిండిపోయిందన్నాడు గుమాస్తా. ఖాళీ చేయించాను.”

“ఏడాది పాఠాలు సార్.”

“పాఠాలేంటమ్మా? చేతులాటలేగా. మళ్ళీ ఆడుకుంటారు.”

వాటిని కంప్యూటరులోకి ఎక్కించి ఉండాల్సింది. వేసవిలో చేద్దామనుకున్నాను. అది నా తప్పు. కానీ చెరిపింది ఆయన. చెరిపి, నా ముఖంలోకి చూసి, బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. గేటు దగ్గర నిలబడిన ఎనిమిదేళ్ళ పిల్ల ఆ పూట నా ఒంట్లోకి తిరిగొచ్చింది. స్టాండు బిగించాను.

పాఠం బాగానే చెప్పాడు. పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. నేను ఆయన అడిగినట్టే ముఖం తెర నిండా వచ్చేలా పెట్టాను. పాఠం అయ్యాక పిల్లల్ని భోజనానికి పంపేశాడు, కాలరు నుంచి మైకు తీసి, ఆపేసి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా లోపలికొచ్చాడు. నేను ఆపే బటన్ మీద వేలు పెట్టాను. అప్పుడు ఆ చిన్న తెరలో ఆయన పెదవులు కదిలాయి.

“ఎంత చెప్పినా ఈ పందులకి రాదయ్యా.” నవ్వుతున్నాడు. “కన్నవాళ్ళే ఇక్కడ పడేసి పోయారు. మనకెందుకు బాధ?”

నేను అక్కడే ఉన్నాను, ఆరడుగుల దూరంలో. ఆయన నా వైపు చూశాడు కూడా. తల వంచుకుని కెమెరా సర్దుతున్నానని అనుకున్నాడు. చెవిటిదాని ముందు, మైకు తీసేశాక, ఏమంటే ఏం?

బటన్ మీద నుంచి వేలు తీసేశాను. రెండు మూడు నిమిషాలు మాట్లాడాడు. కెమెరా అలా నడుస్తూనే ఉంది.

“ముందూ వెనకా కత్తిరించి కంప్యూటరులో పెట్టు,” అన్నాడు సాయంత్రం. ముందు కత్తిరించాను. వెనక కత్తిరించలేదు. ఎవరికీ చెప్పలేదు, తెలుగు టీచరుకి కూడా. ఆఫీసరు వచ్చేదాకా పది రోజులు. ఆ పది రోజులూ ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. రోజూ నేనుండే నిడదవోలు నుంచి రైల్లో వస్తూ, కిటికీ పక్కన కూర్చుని, ఆయన ముఖం ఎలా మారుతుందో ఊహించుకునేదాన్ని. ఒక్కోరోజు ఒక్కోలా మార్చేదాన్ని.

ఆఫీసరు యాభై ఏళ్ళ ఆవిడ. హాల్లో ముందు వరుసలో ఆయన పక్కనే ఆవిడ కుర్చీ. పిల్లలు కింద చాపల మీద. తెర మీద ఆయన నోరు మనిషంత పొడుగు. పాఠం అయిపోయింది, పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు, లేవబోయారు. వాళ్ళకి ఇక వినడానికేమీ లేదు. తెర మీద మనిషి ఊరికే నోరు కదుపుతున్నాడంతే. ఆయన కూడా ఆఫీసరు వైపు తిరిగి ఏదో చెప్పుకుపోతున్నాడు.

పిల్లలు లేవలేదు. వాళ్ళు తెరనే చూస్తున్నారు. మిల్లు పనివాడి కూతురి చేతులు ముందు లేచాయి, పక్క పిల్లని తట్టి ఏదో అడిగాయి. తర్వాత ఒకరినుంచి ఒకరికి చాపలన్నీ కదిలాయి.

“పిల్లలేంటి అలా అయిపోయారు? ఏమంటున్నారు?” ఆఫీసరు తెలుగు టీచరుని అడిగింది.

తెలుగు టీచరు నా వైపు చూసింది. నేనే లేచి, ఆ బాగుండని గొంతుతోనే చెప్పాను. “మేడమ్, సార్ ఏమన్నారో పిల్లలు చదువుతున్నారండి.”

ఆయన అప్పుడు తెర వైపు చూశాడు. నేను ఊహించుకున్న ముఖాల్లో ఏదీ కాదు. మొదట ఏమీ అర్థం కాలేదు ఆయనకి. అర్థమయ్యాక నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. పిల్లలు చదివిన మాటేమిటో ఆఫీసరుకి చెప్పాను.

“ఊహలండీ ఇవి. పెదవుల మీద సగం అక్షరాలు కనపడవు. ఈవిడ కావాలని నేర్పించింది పిల్లలకి,” అన్నాడు.

ఆఫీసరు తొందరపడలేదు. ముగ్గురు పిల్లల్ని ఎంచుకుంది, నన్ను దూరంగా కూర్చోబెట్టింది. ఒక్కొక్కరినీ ఆఫీసు గదిలోకి పిలిచి, కంప్యూటరులో ఆ ముక్క చూపించి, కాగితం మీద రాయమంది. మిగతావాళ్ళని బయట ఉంచింది. మొదటి ఇద్దరూ ఒకే మాట రాశారు, ఒకడు ‘పందులకి’కి సున్న మర్చిపోయాడు. మూడో పిల్ల ‘ఎంత చెప్పినా ఈ మందులకి రాదు’ అని రాసింది.

ఆఫీసరు మా ఇద్దరినీ లోపలికి పిలిచి కాగితాలు చూపించింది. ఆయన ముఖం వెలిగింది. “చూశారా మేడమ్! నేనన్నది మందులకి అనే. నిన్ననే హాస్టల్‌కి మందులొచ్చాయి, ఆ మాట అంటున్నాను.”

ఆఫీసరు కాగితం మళ్ళీ చూసింది. “మందులకి ఎంత చెప్పినా ఏం రాదండి, మాస్టారూ?”

ఆయన పెదవులు విడివడ్డాయి. వాటి మీద ఏ అక్షరమూ లేదు. నా జీవితంలో అంత ఇష్టంగా ఏ పెదవుల్నీ చూడలేదు.

తర్వాత ఆవిడ గుమాస్తాని పిలిచింది. అతను వినగలిగిన మనిషి, ఆ రోజు పక్కనే ఉన్న మనిషి. నేల చూస్తూ అన్నాడు. “అన్నారండి.”

నెల తిరక్కుండా ఆయన్ని క్లాసులకీ కుర్చీకీ దూరం పెట్టారు. విచారణ నడుస్తుండగానే, ఇంకా సర్వీసు ఉన్నా రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. వీడ్కోలు సభ పెట్టలేదు. ఆ రోజు ఆయన గేటు దాటుతుంటే నేను క్లాసు ఆపి కిటికీ దగ్గర నిలబడ్డాను. చేతిలో సంచి ఉంది, గొడుగు ఉంది. ఆటో కోసం ఎండలో నిలబడ్డాడు. ఆటో వచ్చేదాకా ఉండి చూశాను.

ఇక్కడితో ఆపితే నేను అబద్ధం చెప్పినట్టు. హాల్లో అంతా అయ్యాక మిల్లు పనివాడి కూతురు నా దగ్గరికొచ్చింది. సైగలు మళ్ళీ పొట్ట దగ్గరికి వెళ్ళిపోయాయి.

‘మా అమ్మ నన్ను ఇక్కడ పడేసి పోయిందా?’

పది రోజులు ఆయన ముఖం గురించే ఆలోచించాను. వీళ్ళ ముఖాలు ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ వాక్యం వాళ్ళ కళ్ళలోంచి లోపలికి పోతుందని నాకు తెలియాలి. తెలిసే ఉండాలి. నా పగకి వాళ్ళ కళ్ళు వాడుకున్నాను.

‘కాదు. మీ అమ్మ నీ వీడియో చూసి ఏం రాసిందో చూడు’ అని ఫోను తీసి వాళ్ళమ్మ పంపిన ఉత్తరం చూపించాను. చదివింది. నమ్మిందో లేదో తెలియలేదు. ఆ శనివారం వాళ్ళమ్మని రప్పించాను. తల్లీకూతుళ్ళని నా క్లాసులో వదిలేసి బయటికొచ్చి కూర్చున్నాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో చూడలేదు.

పోయిన పాఠాల్లో చాలావరకు ఇళ్ళ ఫోన్లలో దొరికాయి. తెలుగు టీచరూ నేనూ ఒక్కో ఇంటికీ రాసి తెప్పించుకున్నాం. బాయిలరు పాఠం దొరికింది. కొన్ని దొరకలేదు, వాటిని మళ్ళీ తీశాం. కెమెరా ఇప్పుడు నా క్లాసులోనే ఉంటుంది. ఆపే ముందు ఎదుటి మనిషికి చెయ్యెత్తి చూపించి ఆపుతాను. మళ్ళీ ఆ రోజే వస్తే ఏం చేస్తావని తెలుగు టీచరు ఒకసారి అడిగింది.

“అక్కా, పిల్లల ముందు వేసేదానివా?”

పిల్లల్ని బయటికి పంపి, ఆఫీసరుకి నేనే చదివి వినిపిస్తానన్నాను. అలా అయితే నన్నెవరు నమ్మేవారు అంది. ఏమైనా వీడియో చివరి ముక్క మాత్రం కత్తిరించేదాన్ని కాదన్నాను.

పోయిన వర్షాకాలంలో నిడదవోలు స్టేషన్లో ఆయన కనపడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. ముక్కు కింద తెల్లటి మీసం. నేను రాజమండ్రి పాసింజరు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటే వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నోరు కదిలింది. నేను ముఖం పక్కకి తిప్పి కళ్ళు మూసుకున్నాను. వినగలిగినవాళ్ళు ఇష్టం లేకపోయినా వినాలి. నాకా బాధ లేదు. ఆయన నా భుజం తట్టాడు, గట్టిగా, రెండుసార్లు. కళ్ళు తెరవలేదు. ఆయన ఉన్నంతసేపూ తెరవకూడదనుకుని మనసులో లెక్కపెడుతూ కూర్చున్నాను.

తెరిచేసరికి ఆయన లేడు, బెంచీల మీద ఎవరూ లేరు. అవతలి ప్లాట్‌ఫారం మీద నుంచి నేనెక్కాల్సిన రైలు కదిలిపోతోంది. ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్పి ఉంటారు. ఆయన నాకు చెప్పబోయింది అదేనేమో. లేకపోతే ఇంకేదైనా ఉందేమో, ఇన్నేళ్ళకి నోట్లోంచి వచ్చిన మంచి మాటేదైనా.

ఏమన్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆ పూట స్కూలుకి ఆలస్యంగా వస్తానని తెలుగు టీచరుకి మెసేజి పెట్టి, టీ తెప్పించుకుని, తర్వాతి రైలు కోసం కూర్చున్నాను.